చాయ్ తాగి పొండ్రి సార్

కరీంనగర్‌లో ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్ కొలువు ఎట్లా దొరుకుతుందో తెలియనివాళ్ల కోసం ముందు ఆ సంగతి చెప్పాలి. ఎండలు ముదిరిన రోజుల్లో వావిలాలపల్లి, మంకమ్మతోట దిక్కు కాలేజీల్లో డెమోలు మొదలవుతాయి. సర్టిఫికెట్ల ఫైలు పట్టుకొని పోతే ప్రిన్సిపాల్ ఒక చాప్టర్ పేరు చెప్పి చాక్‌పీసు చేతికిస్తాడు. ఖాళీ క్లాసురూములో పిల్లలు కూర్చోవాల్సిన బెంచీల మీద ఆ సబ్జెక్టు సీనియర్లు కూర్చుంటారు. మధ్యమధ్యలో పిల్లల్లాగే లేచి, ‘సార్, ఆ మైనస్ ఎక్కడికెల్లి వచ్చింది?’ అంటారు. అది ఎక్కడిదో వాళ్లకు బాగా తెలుసు. మనకు తెలుసా, తెలిసినా చెప్పే ఓపిక ఉందా అని చూస్తారు. అరగంటలో మన చదువూ గొంతూ బోర్డు మీద చేతిరాతా అన్నీ తేలిపోతాయి. తర్వాత కరస్పాండెంట్ గదిలో జీతం బేరం. అదీ ముగిసి లేవబోతుంటే, ‘మా సార్లంత స్టాఫ్‌రూమ్‌ల ఉన్నరు, చాయ్ తాగి పొండ్రి సార్’ అంటారు.

ఆ చాయ్‌ని మర్యాద ఖాతాలో రాసుకుని తాగి వస్తాం. మనం మెట్లు దిగాక ప్రిన్సిపాల్ స్టాఫ్‌రూమ్‌లోకి తొంగిచూసి, ‘ఎట్లున్నడు? మనల కలుస్తడా?’ అని అడుగుతాడు. కొన్నిచోట్ల డెమోలో వచ్చిన మంచిపేరు ఆ ఒక్క ప్రశ్నతో కొట్టుకుపోతుంది.

ఈ పద్ధతికి పెద్ద ఊళ్లలో పెద్ద పేర్లున్నాయి. 2020 ఫిబ్రవరి 18న కరీంనగర్‌లో ఐటీ టవర్ మొదలైనప్పటి నుంచి మా పిల్లల నోట కూడా ఆ మాటలు వినిపిస్తున్నాయి. టెక్నికల్ రౌండ్ అయింది, హెచ్చార్ రౌండ్ అయింది, ఇక టీమ్‌తో లంచ్ ఉంది అంటారు. అమెరికా యూనివర్సిటీల్లో ప్రొఫెసర్ పోస్టుకు పిలిస్తే ఒకటి రెండు రోజులు అక్కడే ఉంచుకుంటారు. పొద్దున కాఫీ ఒకరితో, మధ్యాహ్నం భోజనం ఇద్దరితో, రాత్రి డిన్నర్ నలుగురితో. జగిత్యాల నుంచి పోయి అక్కడ పీహెచ్‌డీ చేసిన మా బంధువుల అమ్మాయి, సెమినార్‌కు కాదు గానీ ఆ డిన్నర్‌కు భయపడ్డానని చెప్పింది. నోట్లో ముద్ద ఉండగా రీసెర్చ్ గురించి అడిగితే ముందు నమలాలా, జవాబు చెప్పాలా?

మా స్టాఫ్‌రూముల్లో రీసెర్చ్ గొడవ ఉండదు. నేను మొదట్లో తాగిన ఒక చాయ్ సంభాషణ ఇట్లా నడిచింది.

‘మీదే ఊరు సార్?’

‘ధర్మపురి దగ్గర.’

‘దగ్గరంటే?’

చెప్పాను.

‘అరే, అక్కడ సర్పంచ్ చేసిన పెద్దాయన ఎరుకేనా?’

‘ఎరుకే.’

‘ఆయనకు మీరేమైతరు?’

‘ఏం గాం సార్. ఒక్క ఊరోళ్లం.’

‘ఓహో. మరి మీ ఇల్లు ఊర్ల ఏ దిక్కుంటది?’

తెలంగాణ పల్లె తెలిసినవాళ్లకు ఆ చివరి ప్రశ్నను విడమరచి చెప్పక్కర్లేదు. ఇల్లు ఏ దిక్కున ఉందో చెబితే మిగిలిందంతా చెప్పినట్టే. అక్కడ ఎవరూ కులం అడగలేదు. అడగకూడదని ఆ గదిలోని ఎమ్మెస్సీలకూ ఎమ్మేలకూ తెలుసు. అడగకుండానే తెలుసుకునే విద్య కూడా వాళ్లకు వచ్చు. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. అడిగినవాళ్లందరూ దురుద్దేశంతో అడిగారని అనను. మా దిక్కు బస్సులో పక్క సీటాయన్ని కూడా ఊరు అడగనిదే మాట ముందుకు నడవదు. ఊరు అడిగితే ప్రేమ, ఇంటి దిక్కు అడిగితే ఆరా. రెండూ ఒకే గొంతుతో, ఒకే చాయ్ మీద వస్తాయి కాబట్టి కొత్తగా వచ్చినవాడికి ఏది ఏదో అంతుబట్టదు.

ఈ చిక్కు చిన్న ఊళ్లకే పరిమితం అనుకునేవాళ్లు 2007లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన రెండు వ్యాసాలు చూడాలి. సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ కలిసి పెద్ద కంపెనీల్లో ఉద్యోగులను ఎంపిక చేసే అధికారులతో మాట్లాడారు. మాకు ప్రతిభే కొలమానం అని వాళ్లందరూ అన్నారు. అదే నోటితో, అభ్యర్థి ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ తప్పక అడుగుతామనీ అన్నారు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ఇంకో పని చేశారు. ఒకే స్థాయి చదువున్న దరఖాస్తులను వేర్వేరు ఇంటిపేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. దళితుల, ముస్లింల పేర్లున్న దరఖాస్తులకు పిలుపులు తక్కువ వచ్చాయి. అది కాగితం మీద పేరు చూసి జరిగిన సంగతి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని బిస్కెట్ ప్లేటు జరుపుతూ మాట్లాడితే ఎంత తెలుస్తుందో, ఎంత తేడా పడుతుందో ఊహించుకోవచ్చు.

అమెరికాలో కులం లేకపోయినా వాళ్ల కొలతలు వాళ్లకున్నాయి. లారెన్ రివెరా అనే ఆమె పెద్ద లా ఫర్మ్‌లు, బ్యాంకులు, కన్సల్టింగ్ కంపెనీల్లో మనుషుల్ని ఎంపిక చేసే 120 మందితో మాట్లాడి 2012లో ఒక వ్యాసం రాసింది. అభ్యర్థి ఆటలు, సరదాలు, తిరిగిన ఊళ్లు తమవాటితో కలిస్తే వాళ్లు మొగ్గేవారట. మంచు కురిసి విమానాలు ఆగిపోతే ఈ మనిషితో ఎయిర్‌పోర్టులో గంటలు గడపగలమా అన్నది వాళ్ల తూకం. మంచిర్యాల స్టేషన్‌లో లేటైన రైలు కోసం కూర్చునే మనకూ ఆ తూకం అర్థమవుతుంది. కబుర్లు చెప్పేవాడు పక్కనుంటే బాగానే ఉంటుంది. కానీ ఆయనకు ఇంటిగ్రేషన్ వస్తుందో రాదో ఆ ప్లాట్‌ఫారమ్ మీద తేలదు.

అమెరికాలో ఒక్క సంగతి మనకంటే మెరుగు. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం చూసి కొలువులో తేడా చేయకూడదు. అందుకే పెళ్లయిందా, పిల్లలున్నారా, ఏ గుడికి పోతావు అని ఇంటర్వ్యూ గదిలోనే కాదు, డిన్నర్ బల్ల దగ్గర కూడా అడగవద్దని యూనివర్సిటీలు తమ ప్రొఫెసర్లకు ముందే చెప్పి పంపుతాయి. అన్నం బల్ల కూడా ఆఫీసే అన్న ఎరుక అది. మన స్టాఫ్‌రూముకు అలా చెప్పేవాడు లేడు. సమాన అవకాశం గురించి రాజ్యాంగం 16వ అధికరణంలో చెప్పింది సర్కారు కొలువుల వరకే.

సర్కారు మాత్రం ఈ తలనొప్పిని మొదలంటా తీసేసింది. 2015 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీది నుంచి చిన్న ఉద్యోగాలకు ఇంటర్వ్యూలెందుకని అడిగారు. 2016 జనవరి 1 నుంచి కేంద్రంలో గ్రూప్ సి, గెజిటెడ్ కాని గ్రూప్ బి పోస్టులకు ఇంటర్వ్యూలు పోయాయి. తెలంగాణ 2022 ఏప్రిల్‌లో గ్రూప్-1, గ్రూప్-2లకు కూడా తీసేసింది. పైరవీకారు, లంచం, ఇంటిపేరు, మూడింటికీ ఒక్కసారే తలుపు మూతపడింది. నేను దానికి చప్పట్లు కొట్టినవాణ్ని. అయితే డిప్యూటీ కలెక్టర్ కాబోయేవాడు చేరే రోజు దాకా ఒక్క సహోద్యోగి మొహం చూడడు, వాళ్లూ ఆయన మొహం చూడరు. ఏ ఆఫీసులో పడ్డాడో, అక్కడ ఏం నడుస్తుందో చేరినంకనే తెలుస్తుంది. ఒక దిక్కు అసలు కలవనివ్వని సర్కారు, ఇంకో దిక్కు కలిపి కూర్చోబెట్టి చాటున మార్కులు వేయించే ప్రైవేటు. మా జిల్లాల పిల్లలు ఈ రెంటి నడుమ తిరుగుతున్నారు.

కలిసి పని చేసేవాడు ఎట్లాంటివాడో తెలుసుకోవాలనుకోవడం తప్పా అని గోదావరిఖనిలో అడిగితే నవ్వుతారు. 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు పోయిన ఊరు అది. బాయిలో, అంటే గనిలో, పక్కవాడి బుద్ధి మీద మన ప్రాణం ఆధారపడుతుంది. షిఫ్టు మొదట్లో పైన బండను తట్టి, ఆ చప్పుడు విని గానీ పనిలోకి దిగనివాడు కావాలి. తొందరపడేవాడు వద్దు. కోల్‌ఫిల్లర్లు టబ్బుల లెక్కన కూలి తీసుకున్న కాలంలో జట్టులోకి కొత్తగా బదిలీ ఫిల్లర్ వస్తే మిగతావాళ్ల కళ్లన్నీ వాడి మీదే ఉండేవని మా పాత సింగరేణి పరిచయస్తులు చెబుతారు. ఎత్తాల్సిన తట్ట ఎత్తుతున్నాడా? నీళ్లు తాగే సాకుతో లేచిపోతున్నాడా? బండ కిర్రుమంటే పక్కవాణ్ని పిలుస్తాడా, తానొక్కడే ఉరుకుతాడా? కులం పట్టింపులు గని పైన కాలనీల్లో ఉండేవే, లేవని ఎవరూ అనలేరు. కానీ కింద కొలత వేరు. పైగా ఆ కొలత చాయ్ హోటల్‌లో వేసింది కాదు. కొత్త కార్మికుడికి శిక్షణ ఇవ్వాలని 1966 గనుల వృత్తి శిక్షణ నియమాలు చెబుతాయి. అది ముగిసి, దిగి, కలిసి పని చేశాక పుట్టిన నమ్మకం అది. జట్టు తీర్పు చెప్పింది, నిజమే. చెమట చూసి చెప్పింది.

‘మనోడు’ కావడమే అసలు అర్హత అయిన సందర్భం కూడా మా దిక్కున ఒకటుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక గోండుల గోడు ఏమిటో తెలుసుకోవడానికి నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిచింది. ఆయన, భార్య బెట్టీ వచ్చి మార్లవాయిలో, గోండుల నడుమ గుడిసెలో కాపురం పెట్టారు. గోండు పిల్లలకు బడి పెడదామంటే పంతుళ్లు ఎక్కడ? ఊళ్లోకొచ్చే బయటివాడంటే అటవీ గార్డో, వడ్డీ వ్యాపారో. గోండీ రాని పంతులు ఆ పిల్లల ముందు నిలబడి ఏ భాషలో ‘కూర్చో’ అంటాడు? అందుకని చదువు అంతంత మాత్రమే వచ్చిన గోండు యువకులనే కూడగట్టి 1943లో మార్లవాయిలోనే పంతుళ్ల శిక్షణ మొదలుపెట్టారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. అక్కడ ఆ మనిషి తమవాడు కావడం, తమ మాట మాట్లాడడం ఆ పనికి కావాల్సిన గుణం. బెట్టీ సమాధీ, తర్వాత హైమన్‌డార్ఫ్ అస్థికలూ ఆ ఊళ్లోనే ఉన్నాయంటే, బయటివాళ్లను కూడా ఊరు ఎంతగా కలుపుకుందో తెలుస్తుంది. ఆ కలుపుకోవడం ఒక పూటలో కాలేదు.

మరి కరీంనగర్ స్టాఫ్‌రూములో ‘మనల కలుస్తడా’ అన్న ప్రశ్నకు పనితో ఏం సంబంధం? కొంత ఉంది. పక్క సెక్షన్ సార్ సెలవు పెడితే ఆ క్లాసు తీసుకుంటాడా, పేపర్లు దిద్దే రోజుల్లో తన కట్ట తాను దిద్దుతాడా అన్నవి అడగదగ్గవే. కానీ చాయ్ గ్లాసు ఖాళీ అయ్యేలోపు అవి తెలియవు. తెలిసేవి ఊరు, ఇంటి దిక్కు, నవ్వు, ఉర్దూ కలిపి జోకు వేయగలడా లేదా అన్నవి.

అయినా మనిషిని చూడగానే చెప్పేస్తాం అన్న ధీమా అందరికీ ఉంటుంది. జేసన్ డేనా, రాబిన్ డాస్, నథానియల్ పీటర్సన్ అనే ముగ్గురు ఆ ధీమాను పరీక్షకు పెట్టి 2013లో ఫలితాలు అచ్చువేశారు. విద్యార్థుల చేత తోటి విద్యార్థులను ఇంటర్వ్యూ చేయించి, వాళ్లకు ముందు ముందు ఎన్ని మార్కులు వస్తాయో చెప్పమన్నారు. కొందరు అభ్యర్థుల చేత మాత్రం, అడిగిన ప్రశ్నతో పొంతన లేకుండా ఒక గుడ్డి లెక్క ప్రకారం జవాబులు చెప్పించారు. ఎదుటివాళ్లు పసిగట్టలేదు! మనిషి బాగా అర్థమయ్యాడనే అనుకున్నారు. తీరా చూస్తే, మనిషిని కలవకుండా పాత మార్కులు మాత్రమే చూసి చెప్పినవాళ్ల అంచనాలే నిజానికి దగ్గరగా ఉన్నాయి. ఈ లెక్కన మా కాలేజీల డెమో ఎంత తెలివైన పద్ధతో! చేయాల్సిన పనినే చేయించి చూస్తారు. అంత మంచి పరీక్ష పెట్టి, దాని నెత్తిన ఒక చాయ్ పరీక్ష పెట్టడం దేనికి?

నేను బెంచీల మీద కూర్చునే సీనియర్‌నయ్యాక ఉట్నూరు దిక్కు నుంచి ఒక గోండు యువకుడు మ్యాథ్స్‌కు వచ్చాడు. ఆశ్రమ పాఠశాలలో చదువుకుని ఎమ్మెస్సీ దాకా వచ్చినవాడు. పర్ముటేషన్స్ చెప్పమంటే ఫార్ములా జోలికి పోలేదు. మమ్మల్ని ముగ్గురినీ బెంచీ మీద అటూ ఇటూ మార్చి కూర్చోబెట్టి ఆరు రకాలూ మా చేతనే లెక్కపెట్టించాడు. ఆ పాఠం నేను తర్వాత చాలాసార్లు వాడుకున్నాను. చాయ్ దగ్గర మాత్రం కుర్చీ అంచున కూర్చుని అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకున్నాడు. ‘మీ దిక్కు ఇంక ఇప్పసార కాస్తరా సార్?’ అని ఒకాయన అడిగితే చిన్నగా నవ్వాడు. ఆయన పోయాక స్టాఫ్‌రూము తీర్పు వచ్చింది: ‘మంచోడే గని మనల కలువడు.’

మా అప్పటి ప్రిన్సిపాల్ నోటి దురుసు మనిషి. ‘మీల కలువకుంటే మానె. మీతోటి సోపతికి తెస్తున్ననా? పిల్లలకు చెప్తడా లేదా అది చెప్పుండ్రి’ అన్నాడు. చెబుతాడని అందరం ఒప్పుకోక తప్పలేదు. ఆ యువకుడు మాతో ఉన్నన్నాళ్లూ పెద్దగా మాట్లాడలేదు. మారతాడని ఎదురుచూసినవాళ్లకు నిరాశే. పిల్లలు మాత్రం ఇంటర్వెల్‌లో ఆయన చుట్టే ఉండేవారు. ఆ తర్వాత రాత పరీక్ష రాసి గురుకులంలో కొలువు తెచ్చుకుని పోయాడు. అక్కడ ఆయన్ను చాయ్‌కి పిలిచి చూసినవాళ్లెవరూ లేరు.

ఇంత చెప్పాక, ఆ చాయ్ ఎత్తేయమని అంటానేమో అనుకుంటారు. అనను. నా ఇంటి దిక్కు ఆరా తీసిన ఆ స్టాఫ్‌రూములోనే మూలన కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్న కెమిస్ట్రీ సార్ ఒకాయన, నేను లేవగానే ‘బస్టాండ్ దాక వస్త పాండ్రి’ అని వెంట నడిచాడు. గీతాభవన్ చౌరస్తా దాటాక నోరు విప్పాడు. ‘జీతం పన్నెండు నెలలని చెప్తరు సార్, మే నెలది రాదు. పరీక్షలైనంక అడ్మిషన్లకు ఊర్లు తిరగాలె, మనిషికి ఇంతమందని టార్గెట్ ఉంటది. చేరంగనే ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతరు, ఇయ్యకుండ్రి. ఇస్తే నడిమిట్ల పోనియ్యరు.’ కరస్పాండెంట్ గదిలో గంట కూర్చున్నా రాని సమాచారం ఆ నడకలో వచ్చింది. ఒరిజినల్స్ ఇవ్వనన్నాను, ఆ కొలువు రాలేదు, వేరే కాలేజీలో చేరాను. ఆయన నాకు బంధువు కాదు, మా ఊరివాడు కాదు. నా ఇల్లు ఏ దిక్కో ఆయన అడగనూ లేదు.

కొలువులో చేరబోయేవాడికి అందులోని మంచీ చెడూ ముందే చూపించాలని అమెరికాలో జాన్ వానస్ 1973లోనే టెలిఫోన్ ఆపరేటర్ల మీద ప్రయోగం చేసి రాశాడు. పని ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చూపే ఫిల్ము చూసి చేరినవాళ్లు, సొగసులద్దిన ఫిల్ము చూసి చేరినవాళ్లలా వదిలేయాలని తహతహలాడలేదట. మా కెమిస్ట్రీ సార్ వానస్‌ను చదివి ఉండడు. యాజమాన్యానికి అది ద్రోహంలా కనిపించవచ్చు గానీ, నిజం తెలిసి చేరినవాడు దసరా సెలవులకు పోయి తిరిగి వస్తాడు. తెలియక చేరినవాడు పోయినవాడు పోయినట్టే. సగం సిలబస్ దగ్గర సార్ మారితే నష్టం పిల్లలకే.

అందుకే ప్రిన్సిపాళ్లకు, ఐటీ టవర్‌లో టీమ్ లంచ్‌లు పెట్టే తమ్ముళ్లకు కలిపి ఒకే మాట చెబుతాను. కొత్తవాణ్ని చాయ్‌కి పిలవండి. మీరు ఆ గదిలో ఉండకండి. ఆయన పోయాక మీవాళ్లను ఎట్లున్నాడని అడగకండి, వాళ్లంతట వాళ్లు చెప్పబోయినా వినకండి. మార్కులు వేసే చాయే అయితే, అది పరీక్ష అని తాగేవాడికి ముందే చెప్పండి. అక్కడ కూర్చునే సీనియర్లకు నా మనవి వేరే ఉంది: ఊరు అడగండి, అక్కడితో ఆగండి. మీ దగ్గర చెప్పాల్సినవే చాలా ఉన్నాయి.

ఈ ఎండాకాలం డెమోకు పోయే పిల్లలూ, చాయ్ వద్దనకండి. మీకంటే ముందు ఆ క్లాసులు చెప్పినాయన ఎందుకు పోయాడో, మే నెల జీతం ఎన్నడు పడుతుందో స్టాఫ్‌రూములోనే అడగండి. జవాబు చెప్పకుండా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటే ఆ కాలేజీలో చేరకండి.